మరుగున పడలేదు, పడేశారు



"మరుగున పడిన కళాకారుడు" అనే మాట మీరు పేపర్లలో, టీవీల్లో చాలాసార్లు వినే ఉంటారు. ఒక మనిషి ముసలివాడయ్యాకో, పోయి చాలా ఏళ్లు గడిచాకో ఎవరో ఒకరు వస్తారు. "అయ్యో, ఇంత గొప్పోడు మరుగున పడిపోయాడే" అంటారు. శాలువా కప్పుతారు, లేకపోతే ఫొటోకి దండ వేస్తారు. ఫొటో దిగి కారెక్కి వెళ్లిపోతారు. ఆ మాటలో ఉన్న మోసం ఎప్పుడైనా గమనించారా? పడిపోయాడంట. ఎండాకు రాలినట్టు, వానకి మట్టిగోడ కూలినట్టు, తనంతట తానే పడిపోయాడంట! పడేసిన చెయ్యి ఎవరిదో ఆ వాక్యంలో ఎక్కడా కనపడదు. బళ్లో మనకి కర్త, కర్మ, క్రియ అని నేర్పారు కదా. ఈ వాక్యంలో కర్తని మింగేశారు.

చార్లెస్ వైట్ అనే నల్లజాతి చిత్రకారుడి విషయంలో ఆ కర్తని వెతుకుదాం. ఇంటిపేరు వైట్, మనిషి నల్లవాడు. 1918లో చికాగోలో పుట్టాడు, 1979లో లాస్ ఏంజిలిస్‌లో చనిపోయాడు. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్లలు, ఆయన పోయిన నలభై ఏళ్లకి, ఆయన్ని ఎక్కడ నిలబెట్టారో, ఎట్లా నిలబెట్టారో చెప్పాలనే ఇది రాస్తున్నా.

2017 అక్టోబర్. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్. ఆధునిక కళ అంటే ఏది, ఏది కాదు అని ప్రపంచానికి తీర్పులు చెప్పే చోటు అది. అందులో ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. ఉన్నవి రెండే బొమ్మలు. ఒకటి లియొనార్డో డావించీది, మోకరిల్లిన మనిషి ఒంటి మీది బట్ట మడతల్ని గీసిన ఐదొందల ఏళ్ల నాటి చిత్రం. ఇంగ్లండు రాణి గారి సేకరణలోంచి అరువు తెచ్చారు. రెండోది చార్లెస్ వైట్ 1973లో వేసిన 'బ్లాక్ పోప్'. అందులో వీధిలో ప్రకటన అట్టల్ని ముందూ వెనకా తగిలించుకుని తిరిగే ఒక నల్లమనిషి ఉంటాడు. ఆ పని మన పట్టణాల్లోనూ కొందరు చేస్తారు, చూసే ఉంటారు. కళ్లకి నల్లద్దాలు. వేళ్లు రెండు పైకెత్తి దీవిస్తున్నాడో, శాంతి గుర్తు చూపిస్తున్నాడో తెలీదు. తల పైన ఎముకల గూడు. దినకూలికి నడిచే మనిషికి వైట్ పోప్ హోదా ఇచ్చాడు.

ఆ రెండింటినీ పక్కపక్కకి తెచ్చింది మ్యూజియం పండితులు కాదు. వైట్ శిష్యుడు డేవిడ్ హామన్స్. ప్రదర్శన పేర్లోనే ఆ మాట ఉంది, దీన్ని కూర్చింది డేవిడ్ హామన్స్ అని.

హామన్స్ ఎవరంటే, 1943లో పుట్టాడు. అరవైల చివర్లో లాస్ ఏంజిలిస్‌లో ఓటిస్ అనే ఆర్ట్ స్కూల్లో వైట్ దగ్గర చదివాడు. తన ఒంటికే కొవ్వు పూసుకుని కాగితం మీద పడుకుని, ఆ అచ్చు మీద రంగు పొడి చల్లి బొమ్మలు చేశాడు. 1983 చలికాలంలో న్యూయార్క్ ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి, సైజులవారీగా మంచు ఉండలు అమ్మాడు. ఆర్ట్ మార్కెట్ మీద వేసిన ఎకసెక్కం అది. గ్యాలరీలు పిలిచినా దూరంగా ఉండే మనిషి, ఇంటర్వ్యూలంటే పడని మనిషి. అట్లాంటోడు మ్యూజియం గడప తొక్కి ఒక పని అడిగి చేయించుకున్నాడంటే, అది తన కోసం కాదు. గురువు కోసం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. హామన్స్ "మా సారు గొప్పోడు" అని వ్యాసం రాయలేదు, సభ పెట్టలేదు, నివాళి ఉపన్యాసం ఇవ్వలేదు. తెల్లోళ్ల కళాచరిత్రలో ఎవరూ వేలెత్తి చూపలేని పేరుని పట్టుకొచ్చి, ఆ పేరు ఎత్తులో గురువు బొమ్మని పెట్టి, ఇప్పుడు చూడండి అన్నాడు. చూసినవాళ్లు ఒకటే అడుక్కోవాలి: ఈ చెయ్యిని ఇన్నాళ్లూ మేమెందుకు చూడలేదు?

(గోడ మీద ఇద్దరి జాతకచక్రాలు కూడా వేయించాడు హామన్స్, ఇద్దరూ ఏప్రిల్‌లో పుట్టారని. మన దేశపు జ్యోతిషం పద్ధతిలోనే. అది మాత్రం నాకు నచ్చలేదు. గ్రహాల వల్ల కాదన్నా వైట్ బొమ్మలు కిందపడ్డది, మనుషుల వల్ల!)

ఇప్పుడు మనుషుల లెక్క చూద్దాం.

వైట్ తల్లి మిసిసిపీ నుంచి చికాగోకి వలస వచ్చిన మనిషి. ఇళ్లల్లో పనిచేసేది. పనికి పోయేటప్పుడు పిల్లాడిని ఎవరి దగ్గర వదలాలి? పబ్లిక్ లైబ్రరీలో వదిలేది. పిల్లల్ని చూసుకోవడానికి ఆయాని పెట్టుకోలేని తల్లికి లైబ్రరీయే దిక్కు. ఏడేళ్లప్పుడు రంగుల డబ్బా కొనిచ్చింది. కొన్నాళ్లకి ఆ పిల్లాడికి అదే లైబ్రరీలో నల్లజాతి రచయితల, మేధావుల పుస్తకాలు దొరికాయి. మా మనుషుల్లో కవులున్నారా, తిరగబడ్డ వీరులున్నారా, శాస్త్రవేత్తలున్నారా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆ ఆశ్చర్యం కోపమైంది. హైస్కూల్లో చరిత్ర టీచర్లని అడిగాడు, మీ పాఠంలో వీళ్లెందుకు లేరని. నోరుమూసుకుని కూర్చోమన్నారు. ఈ సన్నివేశం మీలో ఎంతమందికి కొత్త? ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లు చేతులెత్తండి.

తర్వాత రెండు ఆర్ట్ స్కూళ్లు ఆయనకి స్కాలర్‌షిప్ ఇచ్చాయి. పంపిన బొమ్మలు చూసి ఇచ్చాయి. మనిషిని చూశాక వెనక్కి తీసుకున్నాయి. దరఖాస్తు పత్రంలో చర్మం రంగు కనపడలేదు, గుమ్మంలో కనపడింది. అంతే తేడా. కర్తని వెతుకుతున్నాం కదా, ఇదిగో మొదటి కర్త, రెండో కర్త. చివరికి 1937లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో సీటు, స్కాలర్‌షిప్ దొరికాయి.

1939లో ఒక పెద్ద కుడ్యచిత్రం వేశాడు, ఐదుగురు గొప్ప నల్లజాతి అమెరికన్ల మీద. ఆ ఐదుగురు ఎవరన్నది ఆయన ఒక్కడే కూర్చుని తేల్చుకోలేదు. 'చికాగో డిఫెండర్' అనే నల్లవాళ్ల పత్రిక పాఠకుల్ని అడిగి, వాళ్లు ఎన్నుకున్న పేర్లని గీశాడు. సోజర్నర్ ట్రూత్, ఫ్రెడరిక్ డగ్లస్, బుకర్ టి. వాషింగ్టన్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్, గాయని మరియన్ ఆండర్సన్. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. మా వీరులు ఎవరో మేం చెప్తాం, నువ్వు గియ్యి అని జనం అన్నారు, ఆయన గీశాడు. 1943లో వర్జీనియాలోని హాంప్టన్‌లో నల్లవాళ్ల కాలేజీ గోడ మీద ఇంకో పెద్ద చిత్రం వేశాడు, అమెరికా ప్రజాస్వామ్యానికి నల్లవాళ్లు ఇచ్చింది ఏమిటని. అందులో బానిసల తిరుగుబాటు నడిపిన నాట్ టర్నర్ ఉన్నాడు, పాల్ రోబ్సన్ ఉన్నాడు. ప్రజాస్వామ్యం మాకు మీరు పెట్టిన భిక్ష కాదు, అందులో మా నెత్తురుంది అని గోడంత వాక్యం రాసినట్టు.

1944లో సైన్యంలోకి తీసుకున్నారు. వరదల్లో గట్లు కట్టే పనికి పంపారు. క్షయ వచ్చింది. ఏళ్ల తరబడి ఆసుపత్రి. ఊపిరితిత్తులు జీవితాంతం ఆయన్ని బాధపెడుతూనే ఉన్నాయి. పెద్ద గోడల ముందు పరంజా ఎక్కి పనిచేసే ఒళ్లు కాదిక. కాగితం, బొగ్గు, సిరా, చెక్క అచ్చు, రాతి అచ్చు, వీటికే జీవితం ఇచ్చాడు. 1946లో మెక్సికో వెళ్లి అక్కడ జనం కోసం అచ్చుబొమ్మలు తీసే కళాకారుల బృందంతో పనిచేశాడు. ఒక్క రంగుల పటం ఒక్క ధనవంతుడి గోడకే పోతుంది. అదే అచ్చు అయితే వంద ఇళ్లకి పోతుందని అక్కడ కళ్లారా చూశాడు. తర్వాత ఆయన డ్రాయింగులు తక్కువ ధర సంపుటిగా వచ్చాయి. పత్రికల్లో, క్యాలెండర్లలో, జాజ్ రికార్డుల కవర్ల మీద వచ్చాయి.

అదే టైములో న్యూయార్క్‌లో గాలి మారింది. యుద్ధం తర్వాత అమూర్త చిత్రకళే కళ అన్నారు. మనిషి ముఖం గీస్తే పాతకాలం మనిషివన్నారు. చాకలి పని చేసే ఆడమనిషిని, పొలం దున్నే రైతుని, పాడే ముసలాయన్ని గీస్తే అది ప్రచారం అన్నారు, కళ కాదన్నారు. పైగా ఆయన వామపక్షం మనిషి, కమ్యూనిస్టు పత్రికల్లో బొమ్మలు వేసేవాడు, ఆ రోజుల్లో అమెరికాలో అదొక నేరం. పైగా కాగితం మీద పని. కాన్వాసుకి ఉన్న రేటు కాగితానికి లేదు. పైగా నల్లవాడు. ఇన్ని పైగాలు కలిస్తే ఒక మనిషి "మరుగున పడతాడు".

అమూర్తం మీద నాకేం కోపం లేదు. నల్లవాళ్లలోనే సామ్ గిలియమ్ లాంటి గొప్ప అమూర్త చిత్రకారులు ఉన్నారు, వాళ్లనీ ఇట్లాగే పక్కన పెట్టారు. అంటే అసలు సమస్య శైలి కాదన్నమాట. నువ్వు మనిషిని గీస్తే ప్రచారం అంటారు, గీయకపోతే నీ జాతి కథ ఎందుకు చెప్పట్లేదు అంటారు. రెండువైపులా తలుపు వేసేదొకటే చెయ్యి.

ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పుకోవాలి. చార్లెస్ వైట్‌ని ఎవరు పట్టించుకోలేదు? నల్లవాళ్లు పట్టించుకున్నారు. వాళ్ల కాలేజీల గోడల మీద ఉన్నాడు. లాస్ ఏంజిలిస్‌లో నల్లవాళ్లు నడిపిన గోల్డెన్ స్టేట్ మ్యూచువల్ అనే బీమా కంపెనీ 1965లో ఆయన వేసిన హారియెట్ టబ్‌మన్ బొమ్మని తన సేకరణలో పెట్టుకుంది. గాయకుడు హ్యారీ బెలఫాంటే ఆయన స్నేహితుడు, 1967లో వచ్చిన వైట్ చిత్రాల పుస్తకానికి ముందుమాట రాశాడు. ఎందరో నల్లవాళ్ల ఇళ్లలో ఆయన అచ్చుబొమ్మ వంటింటి గోడ మీదో, హాల్లోనో ఉండేది. కోట్ల మంది ప్రేమించిన మనిషిని నలుగురు క్యూరేటర్లు చూడకపోతే "మరుగున పడ్డాడు" అంటారా? ఆ నలుగురి చూపే చూపా, మిగతావాళ్లవి కళ్లు కావా?

ఇప్పుడు రెండో శిష్యుడి దగ్గరికి వద్దాం. కెర్రీ జేమ్స్ మార్షల్. 1955లో అలబామాలో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్‌కి వచ్చింది, 1965లో తిరగబడి మండిన వాట్స్‌కి. బళ్లో ఉండగా నల్లజాతి మహనీయుల మీద వచ్చిన ఒక పుస్తకంలో చార్లెస్ వైట్ పేరు, బొమ్మ చూశాడు. అప్పటిదాకా పుస్తకాల్లో ఉండే చిత్రకారులంతా ఎప్పుడో చచ్చిపోయిన తెల్లవాళ్లని అనుకున్న పిల్లాడికి, ఒక నల్లాయన బతికే ఉన్నాడని, అదీ తన ఊళ్లోనే పాఠాలు చెప్తున్నాడని తెలిసింది. వేసవి డ్రాయింగ్ క్లాసుకి ఓటిస్‌కి వెళ్తే అక్కడి మాస్టారు పిల్లల్ని వైట్ స్టూడియోకి తీసుకెళ్లి చూపించాడు.

ఆ గదిలో సగం గీసిన బొమ్మలున్నాయి. మార్షల్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది. పూర్తయిన బొమ్మ చూస్తే దండం పెడతాం. సగం గీసింది చూస్తే, ఓహో ఇక్కడ మొదలుపెట్టాడు, ఇక్కడ చెరిపాడు, ఇక్కడ ఇంకా తేల్చుకోలేదు అని తెలుస్తుంది. ఇది దైవదత్తం కాదు, పని. పని అయితే నేనూ నేర్చుకోవచ్చు. ఆ పిల్లాడు పెద్దయి అదే స్కూల్లో చేరి 1978లో డిగ్రీ తీసుకున్నాడు. మరుసటి ఏడు గురువు పోయాడు.

మార్షల్ గురువుని కాపీ కొట్టలేదు. వైట్ బొగ్గుతో, సిరాతో నల్లముఖాలకి వెలుగు తెచ్చాడు. మార్షల్ రంగులోకి వెళ్లాడు, మనుషుల్ని గోధుమరంగులో కాకుండా నిజంగానే నల్లగా, కారునలుపులో వేశాడు, ఆ నలుపులోనే రకరకాల నలుపులు చూపించాడు. మ్యూజియాల్లో రాజులూ రాణులూ వేలాడే సైజులో మంగలి షాపుని, కాలనీ పార్కుని, ఇంట్లో ప్రేమికుల్ని వేశాడు. 2016లో మొదలైన ఆయన పెద్ద ప్రదర్శన చికాగో, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ తిరిగింది. ఆ ఎత్తుకి చేరాక వేదిక దొరికిన ప్రతిచోటా వైట్ పేరు ఎత్తాడు. 2018లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వైట్ జీవితకాల చిత్రాల ప్రదర్శన పెట్టింది. అంత పెద్దది ముప్పై ఏళ్లకు పైగా రాలేదు. అదే ఏడు అక్టోబర్‌లో అది న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంకి, 2019లో లాస్ ఏంజిలిస్‌కి వెళ్లింది. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది మార్షల్.

సంతోషించాల్సిందే. కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

2018 మే నెలలో మార్షల్ వేసిన ఒక బొమ్మ వేలంలో 2 కోట్ల 11 లక్షల డాలర్లకు పోయింది. అమ్మింది చికాగోలోని ఒక ప్రభుత్వ సంస్థ. 1997లో వాళ్లు దాన్ని కొన్నది 25 వేల డాలర్లకి. ఆ లాభం చూసి నగర పాలకులకి నోరూరింది. 1995లో మార్షల్ చికాగో పడమటి వైపు, నల్లవాళ్లు ఉండే పేదవాడలోని లెగ్లర్ లైబ్రరీ కోసం ఒక పెద్ద బొమ్మ వేశాడు. అందులో చిన్నపిల్లలు పుస్తకాల వైపు, గ్రహాల వైపు తలెత్తి చూస్తుంటారు. ఆయనకి ముట్టింది 10 వేల డాలర్లు. 2018 శరదృతువులో ఆ బొమ్మని వేలానికి పెడుతున్నాం, కోటి డాలర్ల పైనే వస్తుంది, ఆ డబ్బుతో ఆ లైబ్రరీనే బాగుచేస్తాం అన్నాడు మేయర్. జనం, కళాకారులు, మార్షల్ కూడా తిట్టిపోస్తే నవంబర్‌లో వెనక్కి తగ్గాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పనిమనిషి కొడుకుని చికాగో లైబ్రరీ పెంచిందని, ఆ పిల్లాడే చార్లెస్ వైట్ అయ్యాడని అదే నగరం ఆ వేసవిలో గొప్పగా చెప్పుకుంది. ఆ వేసవి అయిపోగానే అదే నగరం, లైబ్రరీలో పేదపిల్లలకని వైట్ శిష్యుడు వేసిన బొమ్మని ఎవడో కోటీశ్వరుడి డ్రాయింగ్ రూముకి పంపబోయింది. లైబ్రరీ బాగుచేయడానికి డబ్బు ఉండాల్సింది బడ్జెట్‌లో. పిల్లల గోడ మీది బొమ్మ అమ్మి పిల్లలకి మేలు చేస్తామనడం, అడవి నరికి అడవిబిడ్డలకి అభివృద్ధి అన్నట్టే ఉంటుంది. ఆ వాదన మనకి కొత్తేం కాదు.

మన వాళ్లని అనుకున్నవాళ్ల దగ్గర కూడా మార్కెట్ అదే పని చేస్తుంది. ఇందాక చెప్పిన బీమా కంపెనీ కష్టాల్లో పడి 2007లో తన సేకరణని వేలంలో పెట్టేసింది. హారియెట్ టబ్‌మన్ బొమ్మ కూడా వెళ్లిపోయింది. వాళ్లని తిట్టడం తేలిక. కానీ నల్లవాళ్ల సంస్థకి అది దాచుకోగలిగేంత బలం లేకుండా చేసిన దేశాన్ని ముందు తిట్టాలి. వైట్ ఆ లెక్క ముందే గీశాడు. 1969 నుంచి చేసిన 'వాంటెడ్ పోస్టర్' వరుసలో, పారిపోయిన బానిసల మీద యజమానులు వేసే ప్రకటనల, బానిసల వేలం కాగితాల రూపం తీసుకుని, ఆ నలిగిన కాగితాల మడతల మధ్య తన కాలపు నల్లముఖాల్ని పెట్టాడు. మనుషుల్ని వేలం వేసిన దేశం మీద వేసిన బొమ్మలు ఇప్పుడు వేలంపాటలో పలుకుతున్నాయి. నేను ఇవన్నీ ఫోన్ తెర మీద చూసినవాణ్ణే, అయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండింది.

ఇక మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. లియొనార్డో పక్కన పెడితేనే మనవాడు గొప్పోడవుతాడా? కొలబద్ద మళ్లీ తెల్లోడిదేనా? మంచి ప్రశ్న. నేనూ చాలా రోజులు ఇదే అనుకున్నా. ఇప్పుడు నా మాట వేరు. హామన్స్ కొలబద్ద తెచ్చింది గురువుని కొలవడానికి కాదు, మ్యూజియంని కొలవడానికి. నువ్వు బట్ట మడతల్లో పనితనం చూసి ఐదొందల ఏళ్లు దండం పెట్టావు కదా, ఇదే పనితనం ఇక్కడుంది, మరి దీన్ని నువ్వు కొన్నది ఎప్పుడు? 1973లో వేసిన 'బ్లాక్ పోప్'ని ఆ మ్యూజియం తీసుకున్నది 2013లో. నలభై ఏళ్లు. ఆ నలభైకి సమాధానం చెప్పాల్సింది లియొనార్డో కాదు, వైట్ కాదు.

ఇంకో ఫిర్యాదు మాత్రం నాది మిగిలే ఉంది. శిష్యులు గురువుని నిలబెట్టారు సరే, ఎలిజబెత్ క్యాట్‌లెట్ సంగతేంటి? వైట్ మొదటి భార్య, ఆయన కంటే మూడేళ్లు పెద్ద, శిల్పి, అచ్చుబొమ్మల కళాకారిణి. మెక్సికోకి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆయన తిరిగొచ్చాడు, ఆమె అక్కడే ఉండిపోయి అక్కడి జనంతో కలిసి దశాబ్దాలు పనిచేసింది, 1962లో మెక్సికో పౌరురాలైంది. ఆమె రాజకీయాలు నచ్చని అమెరికా, సొంత పుట్టింటికి రాకుండా ఏళ్ల తరబడి వీసా ఆపింది. 2012లో పోయింది. బ్రూక్లిన్ మ్యూజియంలో ఆమెకి తగ్గ పెద్ద ప్రదర్శన 2024 దాకా రాలేదు. మగాయనకి నలభై ఏళ్ల ఆలస్యమైతే ఆడమనిషికి ఇంకాస్త ఎక్కువ. మన ఉద్యమాల్లో కూడా పాట కట్టిన అక్కల పేర్లు ఎన్ని గుర్తున్నాయో, గోడబొమ్మ వేసిన అన్నల పేర్లు ఎన్ని గుర్తున్నాయో ఒకసారి లెక్కేసుకోండి.

వైట్ పాఠాలు చెప్పిన ఓటిస్ పాత భవనంలో ఇప్పుడు ఆర్ట్ స్కూల్ లేదు. అది వేరే చోటికి మారిపోయింది. ఆ భవనాన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల చేశారు, చార్లెస్ వైట్ ఎలిమెంటరీ స్కూల్ అని పేరు పెట్టారు. చుట్టూ ఎక్కువగా లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చిన కూలీల కుటుంబాలు. 2019లో పెద్ద ప్రదర్శన లాస్ ఏంజిలిస్ మ్యూజియంకి వచ్చినప్పుడు, దానికి జోడుగా ఇంకో ప్రదర్శన ఈ బళ్లోనే పెట్టారు. వైట్ బొమ్మలు, ఆయన శిష్యుల బొమ్మలు, ఒకప్పుడు వాళ్లంతా కూర్చుని గీసిన చోటే. ఆ బడి పిల్లలకి అవి చూడటానికి ఎక్కడికీ పోవాల్సిన పని లేకపోయింది.